సేవ్ చేసిన మార్పు తెర మీదికి చేరే దారి: దూరపు సర్వర్‌పై లైవ్ రీలోడ్

వెబ్ అప్లికేషన్లు రాసేవారి పని రోజంతా ఒక చిన్న చక్రంలో తిరుగుతుంది. ఒక వరుస మార్చడం, సేవ్ చేయడం, బ్రౌజర్‌లో చూడడం, మళ్లీ మార్చడం. కోడ్, సర్వర్, బ్రౌజర్ మూడూ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉన్నప్పుడు ఈ చక్రం రెప్పపాటులో పూర్తవుతుంది కనుక సేవ్ చేయగానే పేజీని దానంతటదే తాజాపరిచే లైవ్ రీలోడ్ అనే సదుపాయం ఒకటి వెనుక పనిచేస్తోందన్న స్పృహే కలగదు. అదే కోడ్ ముంబైలోనో సింగపూర్‌లోనో ఉన్న సర్వర్‌పై నడుస్తూ, రాసే వ్యక్తి మిర్యాలగూడలోనో వనపర్తిలోనో కూర్చున్నప్పుడు పరిస్థితి మారిపోతుంది. సేవ్ చేసినా పేజీ మారదు, లేదా మారేసరికి పదిహేను ఇరవై సెకన్లు పడుతుంది, లేదా సగమే చేరిన ఫైలును చదివి సర్వర్ ఆగిపోతుంది. పైకి ఒకే రోగంలా కనబడే ఈ మూడింటికీ మూలాలు వేరు. ఏది ఎక్కడ తెగిందో తెలుసుకోకుండా సెట్టింగులు ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోయేవారికి గంటలు గడిచిపోవడం తప్ప ఫలితం ఉండదు.

2023లో మహబూబ్‌నగర్ సమీపంలోని దివిటిపల్లిలోనూ, నల్లగొండ పట్టణంలోనూ ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి. ఊరు విడిచి వెళ్లకుండానే ఈ పని చేసుకోవచ్చన్న ఆశ దక్షిణ తెలంగాణలో బలపడుతున్న కాలమిది. మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలో చదువుకుని సొంతంగా పని మొదలుపెట్టే యువత చేతిలో 4 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్ మాత్రమే ఉండే సందర్భాలు తక్కువేమీ కాదు. డేటాబేస్, అప్లికేషన్, బ్రౌజర్, ఎడిటర్ అన్నీ ఆ మెమరీలో ఇమడవు కనుక బరువైన భాగాలను అద్దె సర్వర్‌కు తరలించడం సహజం. దానికి తోడు చెల్లింపుల గేట్‌వే నుంచి వచ్చే కాల్‌బ్యాక్‌ను, అంటే చెల్లింపు ఫలితాన్ని తెలిపే సందేశాన్ని, పరీక్షించాలంటే ఇంటర్నెట్‌లో అందరికీ కనబడే చిరునామా ఉండాలి. మొబైల్ నెట్‌వర్క్‌లో ఒకే బహిరంగ ఐపీ చిరునామాను అనేకమంది వినియోగదారులు పంచుకుంటారు కాబట్టి హాట్‌స్పాట్ వెనుక ఉన్న ల్యాప్‌టాప్‌ను బయటి నుంచి నేరుగా చేరుకోవడం సాధ్యపడదు.

సేవ్ నొక్కిన క్షణం నుంచి తెర మారే క్షణం వరకు నాలుగు పనులు వరుసగా జరగాలి. మారిన ఫైలు సర్వర్ డిస్కుకు చేరాలి. అది మారిందని అక్కడ కనిపెట్టుకుని ఉండే వాచర్ గుర్తించాలి. కొత్త కోడ్ నడుస్తున్న అప్లికేషన్‌లోకి ఎక్కాలి. ఆ సంగతి బ్రౌజర్‌కు తెలియాలి. అన్నీ ఒకే యంత్రంలో ఉన్నప్పుడు మొదటి పనికీ చివరి పనికీ పట్టే సమయం లెక్కలోకి రాదు. దూరం పెరిగేకొద్దీ ఆ రెండూ నెమ్మదిస్తాయి. అయితే పూర్తిగా తెగిపోయేది ఎక్కువగా రెండో పని దగ్గరే కాబట్టి ముందు దాన్ని చూడాలి.

మార్పును గమనించేది ఎవరు?

లినక్స్‌లో ఫైలు మార్పులను తెలియజేసే యంత్రాంగం పేరు ఐనోటిఫై. 2005లో 2.6.13 కెర్నెల్‌తో (కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) ఇది వచ్చింది. ఈ డైరెక్టరీలో ఏదైనా మారితే చెప్పమని వాచర్ ఒకసారి కెర్నెల్‌ను కోరుతుంది, ఆ తరువాత మార్పు జరిగిన ప్రతిసారీ కెర్నెలే కబురు పంపుతుంది. ప్రతి ఫైలునూ పదేపదే తెరిచి చూసే శ్రమ దీనివల్ల తప్పింది. ఐనోటిఫైకి ఉన్న ఒక పరిమితిని అర్థం చేసుకుంటే దూరపు సర్వర్‌పై ఎదురయ్యే చిక్కులు చాలావరకు విడిపోతాయి: వాచర్ నడుస్తున్న యంత్రపు కెర్నెల్ గుండా జరిగిన మార్పునే అది చూడగలదు. నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్‌పై అవతలి యంత్రం చేసిన మార్పు ఇవతలి కెర్నెల్ గుండా వెళ్లదు, కనుక ఇవతలి వాచర్‌కు తెలిసే మార్గం లేదు.

దూరపు యంత్రంలోని ఫోల్డర్‌ను సురక్షితమైన ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ మీదుగా సొంత ఫోల్డర్‌లా చూపే, అంటే మౌంట్ చేసే, ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్ విషయంలో ఈ సూత్రం దిశను బట్టి రెండు రకాల ఫలితాలనిస్తుంది. సర్వర్‌లోని ప్రాజెక్టును ల్యాప్‌టాప్‌లో మౌంట్ చేసి, ఇక్కడి ఎడిటర్‌తో మార్చి, వాచర్‌ను సర్వర్‌పైనే నడిపితే గమనింపు సవ్యంగానే సాగుతుంది. సేవ్ చేసిన ప్రతిసారీ సర్వర్‌లో ఫైళ్లను అందుకునే ఎస్‌ఎఫ్‌టీపీ ప్రోగ్రాం ఆ ఫైలును అక్కడి డిస్కుపై మామూలు ప్రోగ్రాంలాగే రాస్తుంది, అక్కడి కెర్నెల్ దాన్ని చూస్తుంది. అదే మౌంట్‌పై వాచర్‌ను ల్యాప్‌టాప్‌లో నడిపితే మాత్రం, సర్వర్ వైపు, కోడ్ ప్రతులను నిర్వహించే గిట్ ద్వారా వచ్చిన మార్పు దానికి కనబడదు. ల్యాప్‌టాప్ ఫోల్డర్‌ను సర్వర్‌లో మౌంట్ చేసి అక్కడ వాచర్‌ను నడిపేవారికీ ఇదే అనుభవం. విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ 2 వాడేవారికైతే దూరపు సర్వర్ లేకుండానే ఇది ఎదురవుతుంది: సి డ్రైవ్‌లో ఉన్న ప్రాజెక్టును విండోస్ ఎడిటర్ మార్చినా లినక్స్ వైపు వాచర్‌లో ఉలుకూ పలుకూ ఉండదు.

దీనికి తరచుగా వినబడే విరుగుడు పోలింగ్, అంటే ప్రతి ఫైలు చివరిసారి మారిన సమయాన్ని నియమిత వ్యవధిలో చూసుకుంటూ ఉండడం. బ్రౌజర్ వైపు కోడ్‌ను అభివృద్ధి దశలో అందించే వీట్‌లోనూ, దాని అడుగున ఫైళ్లను గమనించే చోకిడార్‌లోనూ ఇందుకు ప్రత్యేకమైన సెట్టింగ్ ఉంది. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలోని డెవలప్‌మెంట్ సర్వర్ రన్‌సర్వర్ అయితే, వాచ్‌మన్ అనే ఫైలు గమనింపు ప్రోగ్రాం అందుబాటులో లేనప్పుడు సెకనుకోసారి ఇదే పద్ధతిలో చూస్తుంది. ఫైళ్లు అదే యంత్రం డిస్కుపై ఉంటే కొన్ని వేల ఫైళ్ల సమయాలు చూడడం పెద్ద భారం కాదు. నెట్‌వర్క్ మౌంట్‌పై ఒక్కో ఫైలును అడగడం ఒక్కో రాకపోకగా మారవచ్చు, వేల రాకపోకలు ఫోన్ డేటాపై నిరంతరం సాగుతూనే ఉంటాయి. పోలింగ్ పనిచేస్తుందన్నది నిజమే గానీ, తప్పు చోట పెట్టిన వాచర్‌ను అది కప్పిపుచ్చుతుంది. వాచర్‌ను ఫైళ్లు ఉన్న యంత్రానికి తరలించే వీలున్నంతవరకు పోలింగ్ జోలికి పోకపోవడమే మంచిది. పోలింగ్‌కు మరో సూక్ష్మమైన లోపం కూడా ఉంది. జాంగో పద్ధతిలో కొత్త సమయం పాతదానికంటే ఎక్కువైతేనే మార్పుగా లెక్క. పాత ప్రతిని దాని అసలు తేదీతో సహా తిరిగి తెచ్చిపెడితే ఫైలు మారినా రీలోడ్ జరగదు.

వాచర్ సరైన యంత్రంలోనే ఉన్నా ఆగిపోయే సందర్భం మరొకటుంది. ఐనోటిఫై ఉప డైరెక్టరీల్లోకి తనంతట తాను దిగదు. ప్రతి డైరెక్టరీకీ విడిగా ఒక వాచ్ పెట్టాలి. ఒక వినియోగదారు పెట్టగల వాచ్‌ల గరిష్ఠ సంఖ్య చాలాకాలం 8192గా ఉండేది. 5.11 కెర్నెల్ నుంచి అది యంత్రపు మెమరీని బట్టి 8192కూ 1048576కూ మధ్య నిర్ణయమవుతోంది. తక్కువ అద్దెకు దొరికే చిన్న సర్వర్లలో ఈ పరిమితి తక్కువగానే ఉంటుంది, జావాస్క్రిప్ట్ లైబ్రరీలు చేరే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ను కూడా వాచర్‌కు అప్పగిస్తే అది త్వరగా నిండిపోతుంది. అప్పుడు వచ్చే దోష సంకేతం డిస్కులో చోటు లేదన్నప్పుడు వచ్చేదే కావడంతో, డిస్కు సగం ఖాళీగా ఉన్నా ఫైళ్లు తుడిచేస్తూ కూర్చునేవారున్నారు. చేయవలసినది ఆ ఫోల్డర్‌ను వాచర్ నుంచి మినహాయించడం, అవసరమైతే కెర్నెల్ పరిమితిని పెంచడం.

ఫైలు చేరే మార్గాలు

ఫైలును సర్వర్‌కు చేర్చడానికి నేడు వాడుకలో ఉన్న ప్రధాన మార్గాలు రెండు. మొదటిది ఎడిటర్‌నే సర్వర్‌కు జోడించడం. 2019లో వచ్చిన వీఎస్ కోడ్ ఎడిటర్‌లోని రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ దీనికి ప్రాచుర్యం తెచ్చింది. తెర, టైపింగ్ ల్యాప్‌టాప్‌లో ఉంటాయి. ఫైళ్లను చదవడం, వెతకడం, సూచనలివ్వడం వంటి పనులను సర్వర్‌పై ఏర్పడే తోడు ప్రోగ్రాం చూసుకుంటుంది. ఫైలు ఉండేదీ మారేదీ సర్వర్‌లోనే కాబట్టి వాచర్‌కు ఏ అడ్డంకీ ఉండదు, సర్వర్‌లోని ప్రోగ్రాంలను చేరే ద్వారాల వంటి పోర్టులను కూడా ఎడిటరే ల్యాప్‌టాప్‌కు మళ్లిస్తుంది. అయితే దానికి సర్వర్‌లో కనీసం 1 జీబీ మెమరీ అవసరమని, 2 జీబీ ఉండడం మేలని దాని పత్రాలే చెబుతాయి. అప్లికేషన్, డేటాబేస్ అవసరాలు దానికి అదనం. లైను తెగినప్పుడు తెరిచి ఉన్న ఫైలులో టైపు చేయగలిగినా సేవ్ కాదు, మరో ఫైలు తెరుచుకోదు.

రెండో మార్గం ఫైళ్లను ల్యాప్‌టాప్‌లోనే ఉంచి, మారినవాటిని వెంటవెంటనే సర్వర్‌కు చేరవేయడం. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ రూపొందించిన ఆర్‌సింక్ ఇందుకు నేటికీ పునాదిలాంటిది. దానిని ఫైలు మారగానే నడిపించే ఎల్‌సింక్‌డీ, రెండు వైపులా సమన్వయం చేసే యూనిసన్, మ్యూటాజెన్ వంటివి కూడా ఉన్నాయి. ఆర్‌సింక్ పాత ప్రతికీ కొత్త ప్రతికీ తేడా ఉన్న ముక్కలనే పంపుతుంది కనుక డేటా ఖర్చు స్వల్పం. సిగ్నల్ పోయినా రాయడం, వెతకడం, సేవ్ చేయడం ఆగవు. లైను తిరిగి రాగానే పేరుకున్న మార్పులు ఒక్కసారిగా వెళ్తాయి. సర్వర్‌లో ఫైలును రాసేది అక్కడి ప్రోగ్రామే కాబట్టి ఐనోటిఫై కూడా పనిచేస్తుంది. స్థిరమైన ఫైబర్ లైనున్న కార్యాలయంలో మొదటి మార్గం హాయిగా ఉంటుంది. కరెంటు పోతే రౌటర్ ఆగిపోయి ఫోన్ హాట్‌స్పాట్‌కు మారవలసిన ఇళ్లలో, అచ్చంపేట వైపు సిగ్నల్ వస్తూ పోతూ ఉండే ఊళ్లలో, రెండో మార్గాన్నే ఎంచుకోవాలి. మొదటి మార్గం సులువు చూసి దానికే అలవాటుపడినవారు లైను తెగిన ప్రతిసారీ పని ఆపుకోవడాన్ని ఊరి ఖర్మగా భావిస్తున్నారు, ఆ నష్టంలో ఎక్కువ భాగం ఎంచుకున్న పద్ధతి వల్ల వచ్చినదే.

రెండో మార్గంలో కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఎఫ్‌టీపీ తరహాలో నేరుగా ఫైలుపైనే రాసే పద్ధతిలో మొదటి ముక్క చేరగానే వాచర్ కదిలి, సగం ఫైలును చదివిన అప్లికేషన్ సింటాక్స్ దోషంతో పడిపోవచ్చు. ఆర్‌సింక్ మామూలుగా తాత్కాలిక పేరుతో మొత్తం ఫైలును రాసి, పూర్తయ్యాక అసలు పేరుకు మారుస్తుంది, అందుచేత సగం ఫైలు ఎప్పుడూ కనబడదు. కానీ పేరు మార్చడంతో పాత ఫైలు స్థానంలో కొత్త ఫైలు వస్తుంది. డైరెక్టరీని కాకుండా ఒక్క ఫైలునే పట్టుకుని చూస్తున్న వాచర్ పోయిన పాత ఫైలునే చూస్తూ ఉండిపోయే ప్రమాదముంది. అనేక ఫైళ్లు ఒకేసారి మారినప్పుడు మరో చిక్కు వస్తుంది. మొదటి ఫైలు చేరగానే అప్లికేషన్ మళ్లీ మొదలై, ఇంకా దారిలో ఉన్న రెండో ఫైలును వెతుక్కుని విఫలమవుతుంది. ఆర్‌సింక్‌లోని డిలే అప్‌డేట్స్ ఆప్షన్ అన్నింటినీ పక్కన సిద్ధం చేసి చివర్లో ఒక్కసారిగా పేర్లు మారుస్తుంది కనుక ఈ ఇబ్బంది బాగా తగ్గుతుంది. ఇక అన్నింటికంటే ముఖ్యమైనది, డిలీట్ ఆప్షన్‌ను వాడేవారు వినియోగదారులు అప్‌లోడ్ చేసిన బొమ్మల ఫోల్డర్‌ను తప్పక మినహాయించాలి. ల్యాప్‌టాప్‌లో లేని ప్రతి ఫైలునూ సర్వర్‌లో చెరిపేయడమే ఆ ఆప్షన్ పని.

కోడ్ అప్లికేషన్‌లోకి ఎక్కడం

ఈ దశ భాషను బట్టి మారుతుంది. పీహెచ్‌పీలో ప్రతి అభ్యర్థనకూ స్క్రిప్టు మొదటి నుంచి నడుస్తుంది కనుక ప్రత్యేకమైన రీలోడర్ అక్కరలేదు. సిద్ధం చేసిన స్క్రిప్టును మెమరీలో దాచే ఓపీకాష్ మాత్రం ఫైలు సమయాన్ని మామూలుగా 2 సెకన్లకోసారే చూస్తుంది కాబట్టి సేవ్ చేసిన వెంటనే తెరిచిన పేజీలో పాత రూపం కనబడితే కంగారుపడనక్కరలేదు. పైథాన్‌లో నడుస్తున్న మాడ్యూల్‌ను మార్చడం నమ్మదగిన పని కాదు, ఎందుకంటే పాత మాడ్యూల్ నుంచి తీసుకున్న ఫంక్షన్లు, క్లాసులు ఇతర చోట్ల అలాగే మిగిలిపోతాయి. అందుకే జాంగో, మరో పైథాన్ ఫ్రేమ్‌వర్క్ ఫ్లాస్క్ రెండూ మొత్తం ప్రాసెస్‌ను ఆపి మళ్లీ మొదలుపెడతాయి. మెమరీలో దాచుకున్నవన్నీ పోతాయి. డేటాబేస్‌లో ఉన్న సెషన్లు నిలుస్తాయి. నడుస్తున్న ప్రాసెస్ ఆగకుండానే కోడ్ మార్చే సదుపాయాన్ని భాషలోనే ఇమిడ్చినది ఎర్లాంగ్. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఎరిక్సన్‌లో పుట్టిన ఆ భాషలో ఒక మాడ్యూల్‌కు పాత, కొత్త రూపాలు రెండూ ఏకకాలంలో మెమరీలో ఉండగలవు. సాగుతున్న కాల్ తెగిపోకూడదన్న అవసరం నుంచి వచ్చిన ఆలోచన అది.

బ్రౌజర్‌కు కబురు

నారాయణపేట చీరల ఆర్డర్లు తీసుకునే ఒక పేజీ తయారవుతోందనుకుందాం. అందులో రంగు, అంచు, కొలత, చిరునామా నింపాక చివరి మెట్టులో కనబడే మొత్తం ధర పెట్టెను సరిచేయాలి. ప్రతి సేవ్‌కూ పేజీ మొత్తం రీలోడ్ అయితే నింపినదంతా పోయి, ఆ మెట్టుకు చేరడానికి మళ్లీ మొదటి నుంచి రావాలి. మారిన మాడ్యూల్‌ను మాత్రమే బ్రౌజర్‌లో మార్చి మిగిలిన స్థితిని కాపాడే హాట్ మాడ్యూల్ రీప్లేస్‌మెంట్ విలువ ఇలాంటి చోట తెలుస్తుంది. బ్రౌజర్‌కు ఈ కబురు అందేది సాధారణంగా వెబ్‌సాకెట్ ద్వారా, అంటే సర్వర్‌కూ బ్రౌజర్‌కూ మధ్య తెరిచే ఉండే కనెక్షన్ ద్వారా. వీట్ విషయంలో ఆ సాకెట్ తెగిపోతే, సర్వర్ మళ్లీ అందుబాటులోకి వచ్చాక బ్రౌజర్ పేజీ మొత్తాన్ని రీలోడ్ చేస్తుంది. మధ్యలో ఏ మార్పులు తప్పిపోయాయో తెలియదు గనుక అదే సురక్షితం. లైను నిలకడగా లేనిచోట నింపిన ఫారం తరచూ ఖాళీ అవడానికి కారణం కూడా అదే.

ఆలస్యానికి మూలం డేటా పరిమాణం అనుకోవడం పరిపాటి, నిజానికి రాకపోకల సంఖ్యదే ప్రధాన పాత్ర. కాంతి ఫైబర్‌లో సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. నల్లగొండ నుంచి 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌కు వెళ్లిరావడానికి సిద్ధాంతపరంగా 1 మిల్లీసెకను చాలు. దాదాపు 3,300 కిలోమీటర్ల దూరంలోని సింగపూర్‌కు 33, దాదాపు 13 వేల కిలోమీటర్ల దూరంలోని అమెరికా వర్జీనియాకు 130 మిల్లీసెకన్లు కావాలి. అసలు దారులు వంకరగా ఉంటాయి, రౌటర్లూ మొబైల్ టవరూ తమ వంతు కలుపుతాయి కాబట్టి వాస్తవ సమయం ఇంతకంటే ఎక్కువే. వీట్ అభివృద్ధి దశలో ప్రతి సొంత మాడ్యూల్‌నూ విడి ఫైలుగా పంపుతుంది. హెచ్‌టీటీపీ 1.1లో బ్రౌజర్ ఒక చిరునామాకు మామూలుగా ఒకేసారి 6 కనెక్షన్లే తెరుస్తుంది. అప్లికేషన్‌లో 600 మాడ్యూళ్లుంటే కనీసం 100 వరుస రాకపోకలు జరగాలి. ఒక్కోదానికి 200 మిల్లీసెకన్లయితే పేజీ తెరుచుకోవడానికి 20 సెకన్లు, 20 మిల్లీసెకన్లయితే 2 సెకన్లు. అమెజాన్ 2016లో ముంబైలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన క్లౌడ్ రీజియన్లను తెరిచింది. కొద్దిపాటి అద్దె తేడా చూసి అమెరికాలో సర్వర్ తీసుకునే ముందు ఈ లెక్క వేసుకోవడం అవసరం.

సర్వర్‌పై నడిచే డెవలప్‌మెంట్ సర్వర్ సాధారణంగా 127.0.0.1 చిరునామాకే, అంటే ఆ యంత్రం లోపలికే, కట్టుబడి ఉంటుంది కనుక ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో తెరుచుకోదు. వెంటనే అన్ని వైపుల నుంచీ వినే 0.0.0.0కు మార్చి ఫైర్‌వాల్‌లో పోర్టు తెరవడం చాలామంది చేసే పని. ఇది ప్రమాదకరం. ఫ్లాస్క్ వెనుక ఉన్న వెర్క్‌జుగ్ డీబగ్గర్ బ్రౌజర్ నుంచే సర్వర్‌పై పైథాన్ కోడ్ నడపనిస్తుంది, దానికి కాపలా ఒక పిన్ మాత్రమే. జాంగో డీబగ్ పేజీ కోడ్ ముక్కలనూ సెట్టింగులనూ బయటపెడుతుంది. 2025 జనవరిలో వీట్‌లో సరిచేసిన లోపమైతే, ఏ ఇతర వెబ్‌సైటైనా డెవలప్‌మెంట్ సర్వర్‌కు అభ్యర్థనలు పంపి సమాధానాలు చదవగలిగే వీలు కల్పించింది. ఆ దిద్దుబాటు తరువాతే అనుమతించిన హోస్ట్ పేర్ల జాబితా వీట్‌లో తప్పనిసరి అయింది. ఈ సర్వర్లను తయారుచేసినవారు వీటిని బహిరంగ ఇంటర్నెట్ కోసం ఉద్దేశించలేదు.

సరైన దారి ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్. సర్వర్‌లో వీట్ వాడే 5173 పోర్టును ల్యాప్‌టాప్‌లోని 5173కు మళ్లిస్తే, సర్వర్ వైపు అంతా 127.0.0.1 పైనే ఉండిపోతుంది, బయటికి ఏ తలుపూ తెరుచుకోదు. పోర్టు సంఖ్య రెండు వైపులా ఒకటే కాబట్టి వెబ్‌సాకెట్ చిరునామా మార్చనక్కరలేదు. జాంగోలో డీబగ్ ఉన్నప్పుడు, అనుమతించిన హోస్టుల జాబితా ఖాళీగా ఉన్నా 127.0.0.1కు పేరైన లోకల్‌హోస్ట్ చెల్లుతుంది. లోకల్‌హోస్ట్‌ను బ్రౌజర్లు సురక్షితమైనదిగానే పరిగణిస్తాయి గనుక హెచ్‌టీటీపీఎస్ లేకుండానే సర్వీస్ వర్కర్లు, కెమెరా కూడా పనిచేస్తాయి. మొబైల్ నెట్‌వర్క్‌లో కదలిక లేని కనెక్షన్లు తెగకుండా ఎస్‌ఎస్‌హెచ్‌లోని సర్వర్ అలైవ్ ఇంటర్వల్ సెట్టింగ్‌ను 30 సెకన్లకు పెట్టుకోవాలి. టన్నెల్ తెగినా డెవలప్‌మెంట్ సర్వర్ ఆగకుండా దాన్ని, లాగిన్ పోయినా టెర్మినల్‌ను నిలిపి ఉంచే టీమక్స్‌లో నడపాలి. దూరపు లాగిన్ ప్రోగ్రాం మోష్ అస్థిరమైన లైనుపై టెర్మినల్‌కు ఎంత బాగున్నా పోర్టులను మళ్లించదు, కనుక ఇక్కడ ఎస్‌ఎస్‌హెచ్‌కు ప్రత్యామ్నాయం కాలేదు.

తయారవుతున్న పేజీని చేనేత సంఘం సభ్యులు తమ ఫోన్లలో చూడాలనుకుంటే టన్నెల్ సరిపోదు, అభ్యర్థనలను అందుకుని లోపలికి పంపే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ వెనుక పెట్టి, సంకేతపదంతో కాపాడి, హెచ్‌టీటీపీఎస్ ద్వారా ఇవ్వాలి. అప్పుడు అప్‌గ్రేడ్, కనెక్షన్ హెడర్లను ఎన్‌జిన్‌ఎక్స్ ముందుకు పంపేలా రాయకపోతే వెబ్‌సాకెట్ అసలు ఏర్పడదు. అవతలి వైపు నుంచి 60 సెకన్లపాటు ఏ సమాచారమూ రాకపోతే కనెక్షన్‌ను ముగించడం దాని సహజ నియమం కనుక ఆ గడువునూ పెంచాలి. పేజీ హెచ్‌టీటీపీఎస్‌లో ఉండి సాకెట్ మామూలు డబ్ల్యూఎస్‌లో ఉంటే బ్రౌజర్ అడ్డుకుంటుంది. దాని సురక్షిత రూపం డబ్ల్యూఎస్‌ఎస్ కావాలి, క్లయింట్ పోర్టు 443 అని వీట్‌కు చెప్పాలి.

రీలోడ్ ఆగినప్పుడు ఎక్కడ తెగిందో కనుక్కోవడానికి సర్వర్‌లోకి లాగిన్ అయి అక్కడే ఒక ఫైలును టచ్ ఆదేశంతో తాకి చూడాలి. వాచర్ కదిలి తెర కూడా మారితే లోపం ఫైలును చేరవేసే దశలో ఉంది. కదలకపోతే వాచ్‌ల పరిమితిని, మినహాయించిన ఫోల్డర్లను చూడాలి. వాచర్ కదిలి, అప్లికేషన్ లాగ్‌లో కొత్త కోడ్ ఎక్కినట్టు కనబడినా తెర మారకపోతే, బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో వెబ్‌సాకెట్ వరుసను తెరవాలి. అక్కడ స్థితి సంఖ్య 101 కనబడితే కనెక్షన్ ఏర్పడిందని అర్థం, ఆ వరుసలోని సందేశాల్లో మారిన ఫైలు పేరు వస్తోందో లేదో చూడాలి. 400 లేదా 502 కనబడితే ముందుగా తెరవవలసినది ఎన్‌జిన్‌ఎక్స్ కాన్ఫిగరేషన్ ఫైలు.